కాటన్ దొరగారు: కొలువులో దొరికిన పిలుపు

ఇట్టి జ్ఞాపక సంచికలలో బిషప్పుల జీవితములు, మిషనరీల జీవితములు, తొలి గురువుల చరిత్రలు, బైబిలు స్త్రీల సాక్ష్యములు రావడము వాడుక. అవి రావలసినవే. సంపాదకవర్గమువారు ఒక జీవితమును వ్రాయుమని కోరినప్పుడు మేము మాత్రము, గురు అభిషేకము పొందని, ఏ సంఘమునకును కాపరిగా ఉండని ఒక కొలువుదారుని ఎన్నుకొన్నాము. ఆయన సర్ ఆర్థర్ థామస్ కాటన్ గారు. గోదావరి మండలములో ఆ పేరు వినని ఇల్లు ఉండదు. ఆనకట్ట కట్టిన దొరగా ఆయనను అందరును ఎరుగుదురు. విశ్వాసిగా ఎరిగినవారు మన సంఘములలో సైతము తక్కువ.

ఈయననే ఎన్నుకొనుటకు కారణమున్నది. ఆరాధన ముగిసిన తర్వాత యౌవనస్థులు మా యొద్దకు వచ్చి తరచుగా ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. ఇంజనీరింగు చదివినవారు, నర్సింగు చదివినవారు, బ్యాంకులలోను బడులలోను పనిచేయువారు అడుగుతారు. వారమంతా జీతము కోసము చేసే పని దేవుని పని అవుతుందా, లేక ఆదివారము సండేస్కూలులోనో, గాయక బృందములోనో చేసేది మాత్రమే దేవుని పనియా అని. వేదాంత కళాశాలలో మేము చదివిన దినములలో దీనికి పుస్తకములలో జవాబు దొరికినది. రైతు నాగలి దున్నుటయు, తల్లి బిడ్డను పెంచుటయు దేవుని పిలుపే అని మార్టిన్ లూథరు బోధించిన సంగతి మాకు పాఠముగా చెప్పారు. అయితే పుస్తకములోని జవాబు వేరు, ఒక మనిషి బ్రతికి చూపిన జవాబు వేరు. అట్టి జవాబు మనకు ధవళేశ్వరములోనే ఉన్నది.

కాటన్ గారు 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్ గారికి పదకొండుమంది కుమారులు. ఈయన పదవవాడు. అన్నదమ్ములలో ఒకరు రిచర్డ్ లించ్ కాటన్ దైవశాస్త్రము చదివి గురువై, ఆక్స్‌ఫర్డులో వర్సెస్టర్ కాలేజీకి అధిపతి అయినారు. ఒకరు సర్ సిడ్నీ కాటన్, సైన్యములో పెద్ద హోదాకు ఎక్కారు. పదకొండుమందికి పంచిపెట్టగల ఆస్తి ఉన్న కుటుంబము కాదు గనుక ఎవరి బ్రతుకు తెరువు వారే చూచుకొనవలసి వచ్చినది. ఆర్థర్ పదిహేనవ యేట ఈస్టిండియా కంపెనీవారి అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరాడు. 1819లో ఇంజనీరు దళములో ఉద్యోగము, 1821లో చెన్నపట్నము. ఇంతవరకు ఇందులో పిలుపన్న మాటేమియు లేదు. ఇంటికి భారము కాకుండా ఒక కుర్రవాడు కొలువు చూచుకొన్నాడు, అంతే. ఈ సంగతిని మేము కావలెనని చెప్పుచున్నాము. మనలో అనేకులము చదువును, ఉద్యోగమును ఎన్నుకొన్నది ఇట్లే గదా.

మద్రాసులో ఆయనకు అప్పగించిన పని చెరువుల శాఖలో. దక్షిణ జిల్లాలలో తిరిగి చెరువులను, కాలువలను చూచుట, పాంబన్ జలసంధిని కొలుచుట. 1824లో బర్మా యుద్ధము రాగా దానికి వెళ్లవలసి వచ్చినది. కోటలు పడగొట్టే పనినుండి నీళ్లు నిలిపే పనికి ఆయన తిరిగి వచ్చి, 1829 నాటికి కావేరి నది పనులను చూచుచున్నారు. అక్కడ చోళరాజులు కట్టిన కల్లణై ఉన్నది. ఇసుకలో, రాతి పునాది అందని చోట, వందల యేండ్లుగా నిలిచియున్న ఆనకట్ట అది. లోతుగా త్రవ్వి రాయి తగిలితేనే గాని కట్టకూడదని ఐరోపా చదువు నేర్పినది. కల్లణై కట్టిన పెద్దలు ఇసుకమీదనే రాళ్లు దింపి, అవి కుంగిన కొలది మరల దింపి, చివరకు కదలకుండా నిలబెట్టారు. కాటన్ గారు ఆ విద్యను వారియొద్దనే నేర్చుకొన్నారు. నేర్చుకొన్నానని దాచుకొనకుండ చెప్పారు కూడ. పాలించే జాతివారు పాలింపబడేవారి పూర్వులను గురువులుగా ఒప్పుకొనుట ఆ దినములలో అంత సాధారణమైన సంగతి కాదు. 1836 నాటికి కొల్లిడము నదిమీద ఎగువను, దిగువను రెండు ఆనకట్టలు ఆయన చేతిమీదుగా లేచినవి. తంజావూరు సీమకు నీరు స్థిరపడినది.

మరి విశ్వాసము సంగతి. దమస్కు మార్గమువంటి మారుమనస్సు కథ ఒకటి ఆయన విషయమై వ్రాసియుంటే బాగుండునని చదువరులకు తోచవచ్చును. మేమట్టి కథ చెప్పబోవడము లేదు. యువ అధికారిగా ఉన్న కాలమునుండియే బైబిలు పఠనము, ప్రార్థన ఆయన దినచర్యలో భాగములైనవి. ముసలితనమువరకు అది తప్పలేదు. మనకు ఇక్కడ ముఖ్యమైనది వేరొకటి. ఆ కాలములో కంపెనీ కొలువులో భక్తిపరులైన అధికారులు మరికొందరు కూడ ఉండేవారు. వారిలో కొందరికి భక్తి ఒక గదిలో, ఉద్యోగము ఒక గదిలో ఉండేవి. కాటన్ గారికి ఆ రెండు గదులకు నడుమ గోడ లేదు. వర్షము కురిపించి నదిని నింపేవాడు దేవుడైతే, ఆ నీరు ఊరకనే సముద్రములో కలిసిపోవుచుండగా ఒడ్డున మనుష్యులు ఆకలితో చచ్చుట ఆయన దృష్టికి లెక్కల విషయము మాత్రమే కాదు, పాపము. అప్పగింపబడిన దానిని మట్టిలో పాతిపెట్టిన దాసుని పాపమువంటిది. ఐగుప్తులో యోసేపు ధాన్యము కొట్లు కట్టించినాడు. అరణ్యములో బెసలేలునకు దేవుడు తన ఆత్మనిచ్చినది ప్రసంగము చేయుటకు కాదు, లోహపుపని, చెక్కపని చేయుటకు. మన ప్రసంగములలో యోసేపు కలలు చెప్పినంతగా యోసేపు కొట్లు చెప్పము. నిర్గమకాండము ముప్పది యొకటవ అధ్యాయమును ఎంత అరుదుగా చదువుదుమో తోటి గురువులకు తెలియును.

ఆయన దేహము మొదటినుండియు బలహీనమే. జ్వరములు పట్టి పలుమార్లు సెలవు పెట్టవలసి వచ్చినది. ఒకమారు అట్లు సెలవులో టాస్మానియా వెళ్లినప్పుడు 1841లో ఎలిజబెత్ లెర్మంత్ గారిని వివాహము చేసికొన్నారు. మరుసటి యేట వారికి కలిగిన కుమార్తె ఎలిజబెత్, తర్వాత లేడీ హోప్ అని ప్రసిద్ధురాలైన సువార్తికురాలు. తిరిగి వచ్చినమీదట ఆయనకు పని ఈ తీరములోనే పడినది. విశాఖపట్నములో ఒక దేవాలయము కట్టించినదియు, సముద్రపు కోతనుండి ఒడ్డును కాపాడుటకు పనులు చేయించినదియు ఆయనే.

ఇక మన గోదావరి. ఈనాడు పచ్చని చేలు, కొబ్బరి తోటలు చూచి ఇది అనాదిగా ఇట్లే ఉన్నదని పిల్లలు అనుకొందురు. అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821లో 7,38,308 మంది జనముండగా, ఇరువది సంవత్సరముల తర్వాత, 1841లో, లెక్కకు దొరికినవారు 5,61,041 మంది. పెరుగవలసిన జనము నలుగురిలో ఒకరి చొప్పున తరిగిపోయినారు. నందన సంవత్సరపు కరువు, అనగా 1832, 33 సంవత్సరముల కరువు, గుంటూరు సీమతో పాటు ఈ సీమను కూడ పీల్చివేసినది. దారుల ప్రక్కన శవములు పడియుండెనని మన ముత్తాతల కాలమునుండి చెప్పుకొనే కరువు అది. 1839 నవంబరులో తుపాను వచ్చి కోరంగి రేవును ముంచివేసినది. చావని వారిలో కొందరు వలసపోయిరి. కోరంగినుండి ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు కూలికి పోయినవారి సంతతి నేటికిని అక్కడ తెలుగువారుగా ఉన్నారు. చిత్రమేమనగా, ఇదంతయు గోదావరి ఒడ్డున జరిగినది. వర్షాకాలములో ఊళ్లను ముంచివేసే నది, వేసవిలో ఇసుకదిబ్బల నడుమ పాయలై ప్రక్కనుండే పోవుచుండగా, గట్టుమీది చేను ఎండిపోయేది. నీళ్లెక్కువై ఒక యేడు, నీళ్లు లేక ఒక యేడు.

1844లో కాటన్ గారు డెల్టా అంతయు తిరిగి చూచి సర్కారుకు నివేదిక పంపారు. మరుసటి సంవత్సరము మరొక నివేదిక. అందులో ఆయన వాడిన భాష కనికరపు భాష కాదు, రూపాయల భాష. ఇంత ఖర్చుపెట్టితే ఇన్ని ఎకరములు తడియును, ఇంత శిస్తు పెరుగును, ఇంత సరకు పడవలమీద పోవును అని. ఇందులో మాకొక వివేకము కనబడుచున్నది. లండనులోని డైరెక్టర్లను కదిలించునది ఏదో ఆయనకు తెలియును. కంపెనీ వ్యాపారము చేసికొనుటకు వచ్చినదే గాని ధర్మసత్రము నడుపుటకు రాలేదు. నెహెమ్యా రాజునొద్ద ముందు ప్రార్థన చేసికొని, తర్వాత కలప కోసము అధికారపత్రము అడిగినట్లే, ఈయన కూడ ప్రార్థన ఒకచోట, అంచనాపట్టిక ఒకచోట సమర్పించారు. 1846 డిసెంబరులో మంజూరు వచ్చినది. 1847లో పని మొదలు.

చోటు ధవళేశ్వరము. అక్కడ నది సుమారు నాలుగు మైళ్ల వెడల్పు, కాని నడుమ లంకలున్నవి. ఆ లంకలను ఆసరా చేసికొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట కట్టిరి. నాలుగును కలిపి కట్టడము రెండు మైళ్లకు పైచిలుకు. ఎత్తు పండ్రెండు అడుగులు. కొండ ప్రక్కనే ఉండుటచేత రాయికి దూరము పోనక్కరలేదు. కలప నదిమీద తేలి వచ్చేది. పునాది క్రింద ఉన్నది ఇసుక. కావేరిలో నేర్చుకొన్న పాఠము ఇక్కడ అక్కరకు వచ్చినది. ఆయన అడిగినంత సిబ్బందిని సర్కారు ఇవ్వలేదు. ఒకరిద్దరు యువ అధికారులు, కొలతలు తీయువారు కొందరు, అంతే. మిగిలినవారిని పనిలో పెట్టి పనిలోనే నేర్పుకొన్నారు.

కూలీలు వేలాదిమంది. ఈ సంగతి వద్ద మేము కొంచెము ఆగవలెను. మన గోదావరి మండల సంఘములలోని అనేక కుటుంబముల పూర్వులు భూమి లేని కూలి జనులు. రాళ్లు మోసినవారిలో, మట్టి తవ్వినవారిలో, ఎండలో సున్నము దంచినవారిలో అట్టివారి చేతులెన్నో ఉన్నవి. వారి పేర్లు ఏ రాతిమీదను లేవు. వారిని గూర్చి మనకు దొరికే సంగతులు రెండున్నవి. మొదటిది, ఆదివారమున కాటన్ గారు పని ఆపించేవారు. పని త్వరపడవలసిన కాలములో, వరద వచ్చేలోగా రాయి పడవలసిన కాలములో, వారమునకొక దినము వేలమందిని విడిచిపెట్టుట ఇంజనీరుకు నష్టమే. విశ్రాంతి దినము విషయమై ఆయన లెక్క వేరు. జీవితములో సెలవన్నది ఎరుగని కూలివానికి అది ఎట్టి దినమో మనము ఊహించుకొనవచ్చును. రెండవది, ఆ జనసమూహమునకు సువార్త వినిపించుటకు నరసాపురమునుండి మిషనరీలు ధవళేశ్వరమునకు వచ్చారు. విలియమ్ బౌడెన్, జార్జి బీర్ అను ఆ ఇద్దరును 1836లో భార్యలతో కూడ ఈ దేశమునకు వచ్చినవారు. పెద్ద చదువులు చదివినవారు కారు. తమ దేశములో ఒకరు రాతిపని చేసేవారు, ఒకరు చెప్పులు కుట్టేవారు. గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసినది ఆ చేతులే. రాతిపని తెలిసిన బోధకుడు రాళ్లు మోసే కూలీలకు వాక్యము చెప్పిన ఆ దృశ్యము మా మనస్సునకు చాల ఇష్టమైనది.

పేరు నిలిచిన మనవాడు ఒకరున్నారు. వీణెం వీరన్న గారు. బ్రాహ్మణులు, కాటన్ గారి క్రింద పనిచేసిన అధికారి. కూలీలను సమకూర్చుటలోను, పని నడిపించుటలోను ఆయన లేకపోతే ఆనకట్ట ఆ వేగముతో లేచియుండదు. ఆ సంగతిని కాటన్ గారే పైవారికి తెలిపారు. వీరన్న గారికి రాయ్ బహద్దూర్ బిరుదు వచ్చినది. ఆయన క్రైస్తవుడు కాలేదు. ఈ వ్యాసములో ఆయనను చెప్పుట ఎందుకని ఎవరైనను అడిగితే, తన పనివానికి చెందవలసిన ఘనతను తానే మ్రింగివేయని యజమాని భక్తి ఎట్టిదో చూపించుటకని మా జవాబు.

పని సగములో ఉండగా, 1848లో, కాటన్ గారి ఆరోగ్యము పూర్తిగా చెడినది. సెలవు పెట్టి ఆస్ట్రేలియాకు పోవలసి వచ్చినది. రెండేండ్లు. ఆనకట్ట బాధ్యత కెప్టెన్ ఆర్ గారిమీద పడినది. తన జీవితపు పనియని ఎంచినదానిని ఇంకొకరి చేతిలో పెట్టి ఓడ ఎక్కుట ఎట్లుండునో, బదిలీ ఉత్తరువు చేతికి అందిన ప్రతి గురువునకు తెలియును. ఆర్ గారు నిలబెట్టారు. కాటన్ గారు 1850లో తిరిగి వచ్చారు. 1852 నాటికి ఆనకట్ట ముగిసినది. కోనసీమలో వైనతేయ పాయమీదుగా లంకలకు నీరు దాటించే గన్నవరము అక్విడక్టును నలుబది తొమ్మిది కమానులతో కట్టించినది యువకుడైన లెఫ్టినెంటు హేగ్ గారు, ఆయనతో వీరన్న గారు. ఆ తర్వాత బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్టను ఆర్ గారే లేపారు. కాటన్ గారి క్రింద నేర్చుకొన్నవారు ఆయన లేనిచోట కూడ కట్టగలవారైనారు.

తర్వాత జరిగినది మీకు తెలిసినదే. నాలుగైదు లక్షల ఎకరములు కాదు, కాలక్రమమున సుమారు పది లక్షల ఎకరములకు నీరందినది. సార్వా స్థిరపడినది, పిమ్మట దాళ్వా వచ్చినది. కాలువలమీద పడవలు నడిచినవి. ఏలూరు వద్ద గోదావరి కాలువ కృష్ణ కాలువను కలియగా, కాకినాడలో ఎక్కిన సరకు నీటి త్రోవనే చెన్నపట్నము చేరేది. 1876 మొదలుకొని మద్రాసు రాజధానిని ఊడ్చివేసిన మహాకరువులో ఈ డెల్టా ఆకలికి పడలేదు సరిగదా, ఇతరులకు ధాన్యము పంపినది.

ఇంత చెప్పినమీదట ఒక కష్టమైన మాట చెప్పక తప్పదు. నీరు వచ్చినది గాని, నీరు అందరికిని ఒకే తీరున రాలేదు. భూమి ఉన్నవానికి నీరు సంపద అయినది. భూమి లేనివానికి అది పని అయినది. నాట్లు, కలుపు, కోతలు, కుప్పలు అన్నియు ఎక్కువై కూలి దొరికినది, గింజ దొరికినది, కరువు చావు తప్పినది. అది చిన్న మేలు కాదు. అయినను ఆనకట్టకు రాయి మోసినవాని మనుమడు అదే కాలువ క్రింద మరియొకని చేలో కూలివాడుగానే నిలిచెను. కాటన్ గారు కంపెనీ సేవకుడు. శిస్తు పెరుగునని చెప్పి ఆనకట్ట తెచ్చినవాడు. ఆ శిస్తు పెరిగినది, సముద్రము దాటిపోయినది. పంపకము ఆయన చేతిలో లేదు. లేదని ఊరుకొనవచ్చునా అని మాలో మేము తర్కించుకొన్నాము. ఆకలిచావును ఆపినవానిని, అన్యాయమంతయు ఆపలేదని తప్పుపట్టుట మాకు సరికాదని తోచినది. అదే సమయములో, ఆయన కట్టిన రాతిగోడతో మన మండలములో నీతి నెరవేరినదని చెప్పుట కూడ అబద్ధమే. మన సంఘములలో భూమి గలవారు, లేనివారు ఒకే బల్లయొద్ద మోకరించుచున్నారు గనుక ఈ మాట ఇక్కడనే చెప్పవలెను.

మరొక చిక్కున్నది. డెల్టాలో ఊరూర కాటన్ గారి విగ్రహములున్నవి. గుర్రముమీద కొన్ని, నిలువుగా కొన్ని. జయంతినాడు పూలదండలు వేస్తారు. కొందరు రైతుల ఇండ్లలో దేవుళ్ల పటముల సరసన ఆయన పటముండుట మేము చూచియున్నాము. స్నానసంకల్పములో ఆయనను భగీరథునితో పోల్చిన సంస్కృత శ్లోకము ఒకటి ఈ సీమలో ప్రసిద్ధము. మన సభ్యులలో కొందరు దీనిని చూచి ముఖము చిట్లించుకొంటారు, కొందరు మన మతస్థుడని గర్వపడుదురు. రెండును మాకు అంత నచ్చవు. కృతజ్ఞత చూపువాడు తనకు తెలిసిన రీతిగా చూపును. కాటన్ గారైతే ఆ దండలు చూచి ఏమి చేయవలెనో తోచక ఇబ్బందిపడి ఉండేవారు. ఆయన పటమునకు మ్రొక్కే రైతుకు, ఆయన తెల్లవారుజామున ఎవరికి మ్రొక్కేవాడో చెప్పగలిగిన పొరుగువాడు కావలెను. ఆ పొరుగు మనదే.

హేగ్ గారి సంగతి పైన వచ్చినది. ఆయన కూడ కాటన్ గారివలెనే విశ్వాసి. గోదావరిని ఎగువకు, నాగపూరు సీమవరకు పడవల మార్గము చేయవలెనన్నది కాటన్ గారి పెద్ద కోరిక. దానికై దుమ్ముగూడెము వద్ద పనులు మొదలైనవి. హేగ్ గారు అక్కడ అధికారి. చుట్టును కోయ జనము. హేగ్ గారి సహవాసములో క్రీస్తునెరిగిన వెంకటరామరాజు గారు ఆ పనులలోనే సరకుల శాఖకు పెద్దగా ఉన్న తెలుగువారు. 1860ల మొదట్లో ఆయన మంచి ఉద్యోగమును విడిచి కోయల నడుమ చర్చి మిషనరీ సొసైటీ తరఫున సువార్తికుడైనారు, తర్వాత గురువైనారు. గమనించండి. హేగ్ గారు ఉద్యోగములో ఉండి సాక్షియైనారు. రాజుగారు ఉద్యోగము విడిచి సాక్షియైనారు. కాటన్ గారు ఉద్యోగమునే సాక్ష్యముగా చేసికొన్నారు. మా యొద్దకు వచ్చే యౌవనస్థులలో ఎవరు ఏ మార్గమునకు పిలువబడినారో చెప్పే అధికారము మాకు లేదు. మూడును మార్గములేనని మాత్రము చెప్పగలము.

ఆ పడవల మార్గము సాగలేదు. పెద్ద మొత్తములు ఖర్చైన తర్వాత 1871లో సర్కారు దానిని విడిచిపెట్టినది. ఆయన ఆలోచననుండి పుట్టిన తుంగభద్ర పథకము ఇంకొకటి. ఒక ఇంగ్లీషు కంపెనీ పెట్టుబడితో కర్నూలు కడప కాలువ త్రవ్విరి. నల్లరేగడి రైతు వానమీద పండే పైర్లకు అలవాటుపడినవాడు. కాలువ నీరు కొనుటకు అతడు ముందుకు రాలేదు. కంపెనీ నష్టపోగా 1882లో సర్కారు ఆ కాలువను కొనవలసి వచ్చినది. డెల్టాలో ఫలించిన లెక్క రాయలసీమలో ఫలించలేదు. జీవితచరిత్రలు వ్రాయువారు ఇట్టివాటిని విడిచిపెట్టుట కద్దు. అది వ్రాసేవారికి సుఖము గాని, చదివే యువకునికి మేలు కాదు. ప్రార్థన చేసి ఆరంభించిన పనులన్నియు నెగ్గవు.

1860 ప్రాంతములో కాటన్ గారు ఇండియా విడిచారు. 1861లో సర్ బిరుదు వచ్చినది, తర్వాత జనరల్ హోదా. స్వదేశములో ఆయన సుఖముగా కూర్చొనలేదు. రైళ్లకే ధనమంతయు పెట్టుచున్నారు, నీటికి పెట్టుట లేదు, కరువును ఆపేది నీరే అని వ్రాసి, ఉపన్యసించి, సర్కారును విసిగించారు. 1878లో పార్లమెంటు కమిటీ ఎదుట నిలిచి సాక్ష్యము చెప్పవలసి వచ్చినది. అప్పటికి డెబ్బదియైదేండ్లు. అక్కడ ఆయన మాట నెగ్గలేదు. పట్టుదల మనిషి. తాను నమ్మినదాని వెలుపల ఇంకేదియు చూడనంత పట్టుదల అని ఆయన ప్రత్యర్థులు తలంచిరి. అందులో కొంత నిజమున్నదని మాకును తోచును. పడవలే చాలు, రైళ్లెందుకు అన్న ఆయన వాదము కాలము ఒప్పలేదు. కరువు విషయములో మాత్రము ఆయన ముందుగా హెచ్చరించినదే జరిగినది.

చివరి సంవత్సరములు సర్రే జిల్లాలోని డార్కింగ్ ఊరిలో గడచినవి. కుమార్తె లేడీ హోప్ అక్కడ, త్రాగుడుకు అలవాటుపడిన పనివారికోసము కాఫీగది తెరచి, వారికి వాక్యము చెప్పేది. ముసలి జనరలు గారు ఇంటి వెనుక చిన్న మడులు చేయించి గోధుమ పైరుమీద పరిశోధనలు మొదలుపెట్టారు. పైపైన దున్నుట కాక లోతుగా త్రవ్వి నేలను గుల్లచేస్తే ఒక గింజకు ఎన్ని వెన్నులు వచ్చునో లెక్కపెట్టించేవారు. నదులను మళ్లించినవాడు చివరకు జానెడు మడిలో గింజలు లెక్కపెట్టుచున్నాడు. ఆ లెక్క కూడ పేదవాని రొట్టె గురించే. వీటితోపాటు ఆ వయస్సులో అరబ్బీ భాషను చదువుట.

అట్లు తొంబదియారవ యేడు దాటిన తర్వాత, 1899 జూలై 24న, ఆయన ప్రభువునందు నిద్రించారు. సమాధి డార్కింగ్‌లోనే ఉన్నది. మరుసటి సంవత్సరము లేడీ హోప్ తండ్రి జీవితమును గ్రంథముగా వెలువరించినది. ఇక్కడ ఆనకట్ట తన వందేండ్ల ఆయుస్సును దాటి ముప్పది సంవత్సరములు పనిచేసినది. దానికి బదులుగా నూట డెబ్బదియైదు తలుపులతో కొత్త బ్యారేజీ కట్టి 1982లో జాతికి అంకితము చేసినప్పుడు దానికి ఆయన పేరే పెట్టారు. 1986 ఆగస్టులో వచ్చిన పెద్ద వరద ఆ తలుపుల గుండానే సముద్రమునకు పోయినది. జిల్లాల హద్దులు 2022లో మారినవి, పేర్లు మారినవి. ధవళేశ్వరము వద్ద కాలువలకు నీరు వదిలే దినము మాత్రము ఇప్పటికిని ఈ మండలమంతయు కనిపెట్టుకొని ఉండే దినమే.